మొలక చూడని తూటాలు

ఖల్ఫాన్ అర్బాబ్ పిస్టల్‌కు రెండు రకాల తూటాలు. ఒకటి గుండు మూతివి, చవక. వారం వారం వాదీలో, అదే ఎండిన వాగులో, మట్టిగట్టు ముందర రేకు డబ్బా నిలబెట్టి చెయ్యి కుదరడానికి కాల్చేవి. రెండోవి నోరు తెరిచిన తూటాలు. మూతి దగ్గర చిన్న గుంత ఉంటుంది. ప్రియం. తగిలిన చోటే విచ్చుకుంటాయట, ఒంట్లోనే ఆగిపోతాయట, అవతలి మనిషికి తగలవట. కొండదారిలో తోడేలు మేకను ఎత్తుకుపోయిన నాటి నుంచి అర్బాబ్ రోజూ నడుముకు కట్టుకు తిరిగే పిస్టల్‌లో ఉండేవి ఇవే.

రెండు డబ్బాలూ తుడిచి పెట్టే పని లింబాద్రిది. నిర్మల్ దిక్కు మనిషి. అరబ్బు దేశం వచ్చి, బహ్లాలో తన యజమాని అర్బాబ్ ఖర్జూర తోటకు నీళ్లు కడతాడు, మేకలను చూసుకుంటాడు, శుక్రవారం నాడు పేలిన తూటాల తొడుగులు ఏరుతాడు. అర్బాబ్‌కు ఉర్దూ వచ్చు. లింబాద్రికి నిజామాబాద్ హోటళ్లలో నేర్చుకున్న ఉర్దూ ఉంది. పని నడుస్తుంది.

కిందటేడు ఆ ప్రియం డబ్బా కొత్తగా తెచ్చినప్పుడు అర్బాబ్ నాలుగు కాల్చి చూద్దామనుకున్నాడు. లింబాద్రే అడ్డం పడ్డాడు.

"వద్దు అర్బాబ్. ఇవి విత్తనం గింజలసొంటివి. విత్తనం ఎవలన్నా వండుకుంటరా?"

అర్బాబ్ పకపకా నవ్వి డబ్బా మూశాడు. అసలే పిల్లికి బిచ్చం పెట్టని చెయ్యి. ఆ మాట ఆయనకు తేనెలా తగిలింది. అప్పటి నుంచి ఆ తూటాల్లో ఒక్కటీ పేలలేదు.

ఈ వారం వాదీలోకి పిచ్చికుక్క వచ్చింది. పక్క తోటలో పనిచేసే ఫుర్ఖాన్ పిక్క పట్టి పీకింది. అతను ఆసుపత్రిలో సూదులు వేయించుకుంటున్నాడు. కుక్కలను పట్టేవాళ్లు ఆదివారం వస్తామన్నారు. అంతదాకా మేకలు మిగులుతాయా?

"నమాజు అయినంక పోదాం," అన్నాడు అర్బాబ్. "అది మలుపు కాడ రాళ్లల్ల పండుకుంటది. నువ్వు పైనుంచి డబ్బా వాయించుకుంట దించు. నేను కింద ఉంట."

లింబాద్రి తలూపాడు. అంతలో ఇంటి నుంచి ఫోన్. భార్య కనకవ్వ.

"సోయా మొలిశిందా?"

"ఏం మొలుస్తది, నా మొకం! సాలు పొడుగున ఆడొకటి ఈడొకటి."

"గోనెసంచిల తడిపి మొలక కట్టి చూడలే?"

"ఇంటి విత్తనమైతే చూడకపోదునా? గిది కంపెనీ సంచి. గంత ప్రియం వెట్టి తెచ్చినంక ఇంకేం చూస్తరు? మంచిది తీస్కో, రంది వడకు అన్నది నువ్వే గదా!"

"ఆ... నేనే అన్న."

"ఇప్పుడు పడు రంది!" అని ఫోన్ పెట్టేసింది.

లింబాద్రి ఫోన్ చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. గూట్లో ప్రియం డబ్బా కనబడుతోంది. వారం వారం దాని దుమ్ము తుడిచింది తను. వద్దు, పేల్చద్దు అన్నది తను. ఇవాళ కుక్కకూ తనకూ నడుమ ఉండేది చేతిలోని రేకు డబ్బా ఒక్కటే.

అర్బాబ్ నమాజు నుంచి రాగానే ఎదురు వెళ్లాడు.

"అర్బాబ్, పోయేముందు ఆ నోరు తెరిచినయి రెండు మూడు పేల్చి చూడుండ్రి."

"లింబా! పోయినేడు విత్తనమంటివి. ఇయ్యాల వండుకోమంటున్నవా?"

"తప్పయింది."

"ఇన్నేండ్లల్ల ఈ పిస్టల్ ఒక్కసారన్న ఆగిందా, చెప్పు?"

"ఆగలే. అది తిన్నయి గుండు మూతివి. ఇవి దాని గొంతుల దిగుతయో లేదో మనం చూసినమా?"

"దిగకేం? ఎంత ఖరీదువో ఎరుకేనా?"

"నా పెండ్లాం చేన్ల వెట్టింది గూడ ఖరీదుదే అర్బాబ్. మొలవలే."

అర్బాబ్ విసుక్కున్నాడు. అయినా మట్టిగట్టు దగ్గరికి నడిచాడు. మొదటిది పేలింది. 'చూసినవా' అన్నట్టు వెనక్కి చూసి మళ్లీ నొక్కాడు. ఏమీ కాలేదు. పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే మూత సగంలోనే ఆగి ఉంది. లోపల రెండో తూటా తెరిచిన నోటి అంచు గొట్టంలోకి ఎక్కే మెట్టుకు తట్టుకుని, గొంతులో ముల్లులా అడ్డం పడింది. లాగి పారేశాడు. మూడోదీ అట్లాగే ఇరుక్కుంది.

అర్బాబ్ ముఖం పాలిపోయింది. ఇరుక్కున్న తూటాను చూస్తూ అన్నాడు, "నిన్న జైనబ్‌ను ఎంబడి వెట్టుకుని కొండదారిల వచ్చిన." జైనబ్ ఆయన చిన్నబిడ్డ. "ఇది నడుముకు ఉన్నదన్న ధైర్నంతోని."

ఆ ధైర్యంలో సగం లింబాద్రి పోసిందే.

అర్బాబ్ ప్రియం తూటాలన్నీ దులిపేసి గుండు మూతివి నింపాడు. "ఇవి ఆగవు. పద."

లింబాద్రి కదల్లేదు. "ఆగవు. కుక్కల గూడ ఆగవు గదా అర్బాబ్?"

అర్బాబ్ పిస్టల్ దించాడు.

"దాటి వస్తయి. కుక్క ఎనక ఉండేది నేను. యాడ నిలవడాలె?"

అర్బాబ్ మలుపు వంక చూశాడు, లింబాద్రి వంక చూశాడు. "నా ఎనక," అన్నాడు.

"మరి దాన్ని దించేదెవలు?"

జవాబు ఇద్దరికీ తెలుసు. నోటితో అన్నది అర్బాబ్. "ఒక మేకను గట్టు ముందర కట్టు. దాటిన తూటా మట్టిల పోతది."

ఏ మేకను? దొడ్డి తలుపు తీయగానే అన్నీ బెదిరి మూలకు ఉరికాయి, చెవి తెగిన పోతు తప్ప. దానికి తల్లి చస్తే సీసా పాలు పట్టింది లింబాద్రి. తిండి పెట్టడానికే వచ్చాడనుకుని చేతిని నాకింది. దానినే పట్టుకుపోయి, మేకుకు కట్టి, విడిపోకుండా ముడి మీద ముడి వేశాడు.

ఎండ వాలుతుండగా కుక్క వచ్చింది. చొంగ కారుస్తూ, తాగినవాడిలా తూలుతూ. మేక అరిచింది. కుక్క దుమికింది. పిస్టల్ వరసగా పేలింది, ఎక్కడా ఆగలేదు.

పొగ వాసన పోయాక ఇద్దరూ దగ్గరికి వెళ్లారు. కుక్క చచ్చింది. దాని వెనక మేక కూడా. పంటి గాటు ఒక్కటీ లేదు, పక్కటెముకల్లో చిన్న బొక్క. కుక్కను దాటిన తూటా మట్టి దాకా పోలేదు.

"మేకనే గదా లింబా," అన్నాడు అర్బాబ్ మెల్లగా. "అల్‌హమ్దులిల్లా. దేవుని దయ, నువ్వు గాదు."

లింబాద్రి మేక పక్కన కూర్చుని తాడు విప్పుతున్నాడు. గట్టిగా వేసిన ముడి. ఊడి రావడం లేదు. అర్బాబ్ కత్తి ఇవ్వబోయాడు. వద్దని తల అడ్డంగా ఊపి, పళ్లతో పట్టి లాగాడు.