బ్యాకప్‌లో బావమరిది

మా గొడుగుల ఆన్‌లైన్ దుకాణం ఇంట్లోనే, స్టోర్‌రూమ్‌లోని పాత కంప్యూటర్ మీద నడిచేది. దాన్ని కొత్త కంప్యూటర్‌లోకి మార్చబోతుంటే పాతది కాస్తా గుటుక్కుమంది. మిగిలిన ఒకే ఒక్క బ్యాకప్ మా బావమరిది తీసిపెట్టింది, అదీ నేను వాణ్ణి పనిలోంచి గెంటేయక ముందు. గతిలేక దాన్నే ఎక్కించాను. దుకాణం లేచింది. దాని లెక్కలో వాడింకా మా ఉద్యోగే.

మర్నాడు నేను లేచేసరికి వాడు ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చుని అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్నాడు.

"నిన్నెవడు రమ్మన్నాడ్రా?"

"దుకాణమే రమ్మంది బావా. ఆర్డరొచ్చింది, ప్యాక్ చెయ్యమని మెసేజ్ పెట్టింది."

మా ఆవిడ తమ్ముడికి టీ ఇచ్చింది. నాకివ్వలేదు.

నేను నోరు తెరవబోయాను. వాడు పళ్లతో టేపు తెంపి అన్నాడు: "ఈసారి నన్ను తీసేశాక కూడా ఒక బ్యాకప్ తీసుకో బావా."