ఫోటో చూడని సాక్ష్యం

మా ఆయన పేరు మీద పాస్‌పోర్టు ఇదివరకే ఉందని కౌంటర్లో అమ్మాయి చెబితే, వేరే ఎవరిదో చూసిందనుకున్నాను. కంప్యూటర్ మా వైపు తిప్పింది. పేరు సన్యాసిరాజు. తండ్రి పేరు మా మామగారిదే. పుట్టింది ఎలమంచిలి, ఇల్లు గాజువాకలో మేముంటున్న ఇల్లే. ఫోటో మాత్రం ఎవడిదో. బూరె బుగ్గలేసుకుని దర్జాగా చూస్తున్నాడు, దొంగ సచ్చినోడు.

"ఒకటి ఉండగా రెండోది అడగడం నేరం, తెలుసా?" అని ఆ పిల్ల మమ్మల్నే గద్దించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటమ్మా, ఈ మనిషి ఆ ఫోటోలో ఉన్నోడిలాగున్నాడా? కళ్ళెట్టుకుని సూడు!"

"పోలీసు వెరిఫికేషన్ అయ్యాకే ఇచ్చారండీ. అర్జీ పెట్టుకోండి, మళ్ళీ విచారణ చేస్తారు" అంది.

మా ఆయన ఆటోనగర్లో వెల్డరు. దుబాయిలో ఓడలు బాగుచేసే యార్డులో పని దొరికింది. నెలాఖరులోగా పాస్‌పోర్టు చూపించకపోతే ఆ సీటు ఇంకొకడికి ఇచ్చేస్తానన్నాడు ఏజెంటు. ఇన్నేళ్ళ పొగలో ఆయన కళ్ళు పాడయ్యాక వచ్చిన ఒకే ఒక్క మంచి అవకాశం అది.

అర్జీ పెట్టి, తిన్నగా మా సందు మొదట్లో గవర్రాజన్నయ్య టీ కొట్టుకే వెళ్ళాను. మా ఆయనకి బావ వరస. సందులోకి ఎవరొచ్చినా ముందు అతన్నే అడుగుతారు.

"అన్నయ్యా, మా ఆయన గురించి పోలీసోడు ఎవుడైనా వొచ్చినాడా?"

"ఎండాకాలంలో ఒకాయన వొచ్చినాడమ్మా. బండి కూడా దిగనేదు. సన్యాసిరాజు ఎలాటోడని అడిగినాడు. మనోడే సార్, బంగారంనాటోడని సెప్పీసినాను. టీ తాగీసి ఎల్లిపోనాడు."

"ఫోటో సూపించినాడా?"

"నేదు. పోలీసోడొచ్చి మనోడి గురించి అడిగితే మంచిమాట సెప్పాల గానీ, ఫోటో అడుగుతామేటి?"

ఇదీ మా వాళ్ళ మర్యాద. ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు, అడిగింది ఎవరి గురించో తెలియకముందే నోట్లోంచి "మనోడే" అని ఊడిపడుతుంది. ఎదురింటి నారాయణమ్మత్త కూడా మేడ మీంచే "అవును బాబూ, మనోడే" అందట. ఆ మాట పట్టుకుని ఒక దొంగ విమానమెక్కేశాడు.

"మీ మనోడు మండిపోనూ!" అని సందంతా వినపడేలా అరిచాను. "ఇకమీద ఎవుడొచ్చి ఏటడిగినా నోరిప్పొద్దు. దొంగ సాక్ష్యానికి జైల్లో ఏస్తారు, తెలుసా?"

"ఓలమ్మో, జైలేటే!" అని నారాయణమ్మత్త గుండెలు బాదుకుంది. గవర్రాజన్నయ్య ముఖం పాలిపోయింది. బాగా అయ్యింది అనుకున్నాను.

నెలాఖరు దగ్గర పడ్డాక హెడ్ కానిస్టేబుల్ శ్రీరామ్మూర్తి వచ్చాడు. ఈయన బండి దిగాడు, అర్జీకి అంటించిన మా ఆయన ఫోటో కూడా బయటికి తీశాడు. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇతనేనా సన్యాసిరాజు?" అని గవర్రాజన్నయ్యని అడిగాడు.

అన్నయ్య ఫోటో చూశాడు, హెడ్డు చేతిలో పెన్ను చూశాడు. మా ఆయన వైపు మాత్రం చూడలేదు. "నాకు తెల్దు సార్" అన్నాడు.

"బావా! నానే బావా!" అన్నాడు మా ఆయన.

"నాకు కళ్ళు ఆనవు బాబూ" అని నారాయణమ్మత్త తలుపేసుకుంది. మిగతా ఇళ్ళలో పిలిచినా పలకలేదు.

"ఈయన పెళ్ళాన్ని నాను సెప్తన్నాను, రాసుకోండి!" అన్నాను.

"ఇంట్లోవాళ్ళ మాట చెల్లదమ్మా. ఇరుగుపొరుగు చెప్పాలి."

"దొంగోడికి ఫోటో నేకపోయినా సరిపోనాది. నా మొగుడు ఎదురుగా నిలబడినా సాలదా?"

"అప్పుడు వచ్చింది నేను కాదు" అని ఏదో రాసుకుని బండెక్కాడు.

నేను గవర్రాజన్నయ్య మీదకి వెళ్ళాను. "నోరెలాగొచ్చింది అన్నయ్యా నీకు?"

"నువ్వే కదమ్మా నోరిప్పొద్దన్నావు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

నా మీద నాకే అసహ్యమేసింది. అది మింగలేక వెళ్ళి, కదలబోతున్న హెడ్డు బండి హ్యాండిల్ పట్టుకున్నాను. వదలమన్నాడు. వదల్లేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. పోలీసుల్ని, కౌంటర్ పిల్లని, మా సందుని, ఆ బూరె బుగ్గలవాణ్ణి, ఎవర్నీ మిగల్చలేదు.

మా ఆయన వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

"ఒగ్గీ, నీలిమా. ఏజెంటుకి ఫోన్ సేసి, ఆ సీటు ఎవులికైనా ఇచ్చీమను."

చచ్చినా చెయ్యనన్నాను. ఆయనే చేశాడు. అవతల ఏజెంటు ఎవరు మాట్లాడేదని అడిగినట్టున్నాడు. మా ఆయన చాలాసేపు పేరు చెప్పలేకపోయాడు.