కళ్లకు గంతలు కట్టించిన ఇత్తడి పాము

నేను ఒక ఇత్తడి పామును. కోరలున్నా విషం లేదు, పడగున్నా బుస లేదు. కొలిమిలో పుట్టాను, సుత్తి దెబ్బలు తిని పెరిగాను. నా కోపం సంగతి మాత్రం అడగకండి. అది కొలిమికంటే వేడి.

నన్ను చేయించింది మోషే. అప్పుడు మేమంతా ఎడారిలో ఉన్నాం. అక్కడి ఎండకు నీడ కూడా నీడ కోసం వెతుక్కునేది. ఐగుప్తు దేశంలో బానిసత్వం వదిలించుకుని మోషే వెంట నడిచి వస్తున్న జనానిది దారిపొడుగునా సణుగుడే. నీళ్లు లేవని సణిగారు, దొరికితే చప్పగా ఉన్నాయని సణిగారు. చివరికి దేవుడికి విసుగొచ్చి పాములను వదిలాడు. ఇసుకలో పాము, చెప్పులో పాము, పిండి తొట్టిలో పాము. జనం లబోదిబోమన్నాక, ఒక ఇత్తడి పామును చేసి కర్రకు తగిలించి నిలబెట్టమని ఆయనే మోషేకు చెప్పాడు. కాటు తిన్నవాడు తలెత్తి దాన్ని చూస్తే చాలు, బతుకుతాడన్నాడు. చూశారు, బతికారు. ఇందులో నా గొప్పేమీ లేదు. మాటిచ్చినవాడు పైనున్నాడు. నేను కర్రకు వేలాడానంతే.

అక్కడితో నన్ను ఆ ఇసుకలోనే పాతేసి ఉంటే పీడా పోయేది. పాతలేదు. మూటగట్టుకుని తెచ్చారు. తాత మనవడికి నా కథ చెప్పాడు, ఆ మనవడు తన మనవడికి చెప్పాడు. నోరు మారినప్పుడల్లా నేను మూరెడు పెరిగాను. చివరికి యెరూషలేములో రాతి గద్దె కట్టి, దాని మీద నన్ను ఎక్కించి, ధూపం వేయడం మొదలుపెట్టారు. ఆ పొగ ఎంతంటే, నా మీదుగా ఎగిరిన తెల్ల పావురం అవతలికి కాకిగా వెళ్లేది.

పొగతో సరిపెట్టారా? లేదు. నాకు మర్యాదలు కూడా ఏర్పాటు చేశారు. నా గద్దె దగ్గర గేరా అనే ముసలాయన ఉండేవాడు. దేవర ఎదుట ఎవరూ తలెత్తకూడదనేది ఆయన ఆచారం. కాటు తిన్నవాళ్ల కళ్లకైతే గంతలే. ధూపం పూర్తిగా కాలి బూడిదయ్యేదాకా కదలడానికి లేదు. వింటున్నారా? చూడమని చేయించిన వస్తువు ముందు కళ్లు మూసుకోవాలట. ఆ బుద్ధి పుట్టినవాడి నెత్తిన నా కర్ర విరిగిపడాల్సింది.

ఒక కోతల కాలం. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ తిర్సా అనే ఇల్లాలు కూతుర్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల పేరు అక్సా. యవల పనలు ఎత్తుతుంటే కింద నుంచి పాము కాటేసింది. కాలు అప్పటికే నల్లబడుతోంది. నిజానికి తిర్సా బయలుదేరింది నా దగ్గరికి కాదు. వాగు ఒడ్డున ఒక ముసలమ్మ ఉంది. కాటు దగ్గర కోసి, విషం పిండి, పసరు కడుతుంది. ఆమె చేతి మీద బతికినవాళ్లు ఆ పేటలో చాలామందే. కానీ దారిలో అత్త మిల్కా రెక్క పట్టుకుని ఇటు లాక్కొచ్చింది.

“ముందు దేవరకి మొక్కించు. పసరుదేముందే, ఎప్పుడైనా కట్టొచ్చు,” అంది మిల్కా.

గేరా పిల్ల కళ్లకు గుడ్డ కట్టాడు. ధూపం అంటించాడు. ఆడవాళ్లిద్దరినీ నేలకు నుదురు ఆనించమన్నాడు.

“అమ్మా, చీకటిగా ఉందే. గుడ్డ తియ్యవే,” అంది అక్సా.

తిర్సా చెయ్యి గుడ్డ మీదికి పోయింది.

“తియ్యకు తల్లీ. దేవరని చూస్తే పిల్ల కళ్లు పోతాయి,” అన్నాడు గేరా.

“ఇంకా ఎంతసేపు తాతా? పిల్ల కాలు చల్లబడిపోతోంది,” అంది తిర్సా.

“దేవరకి తొందరేమిటమ్మా?”

దేవరకి లేదేమో, నాకుంది. చేసినవాడు నాకు నాలుక పెట్టాడు, అదీ రెండు చీలికలది. ఒక్క మాటకు కూడా పనికిరాలేదు. లేవవే పిచ్చిదానా, వాగు దగ్గరికి పరుగెత్తు అని కడుపులోనే అరిచాను. ఇత్తడి కడుపు. మోత బయటికి రాలేదు. ధూపం తీరిగ్గా కాలింది. అది బూడిదయ్యేసరికి అక్సా అమ్మను పిలవడం మానేసింది.

శవాన్ని ఎత్తుకుంటుంటే మిల్కా కోడలి మీద విరుచుకుపడింది. గుడ్డ మీద చెయ్యి వేశావు కనుకనే దేవరకి కోపమొచ్చిందంది. కోపం వచ్చిన మాట నిజమే. ఎవరి మీదో అడిగిన నాథుడు లేడు.

వానలకు ముందే, దేశంలో విగ్రహాల పూజ మాన్పిస్తున్న హిజ్కియా రాజు నుంచి భటులు వచ్చారు. నన్ను ముక్కలు చేయమని ఆజ్ఞ. జనం గద్దె చుట్టూ పడి ఏడ్చారు. సుత్తి పట్టిన భటుడు ఎద్దులా ఉన్నాడు గానీ దాన్ని ఎత్తలేదు. ఇంట్లో చంటిపిల్లలున్నారు, దేవర శపిస్తే ఎలా అని పక్కవాడితో గొణిగాడు.

తిర్సా జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“ఇటు తే,” అని సుత్తి లాక్కుంది.

తలెత్తి నా మొహంలోకి చూసింది. “నా బిడ్డని చీకట్లో చంపావు,” అంది.

నేను కాదమ్మా అందామనుకున్నాను. కానీ ఆ గుడ్డ కట్టింది నా పేరు మీదే. కొట్టు తల్లీ, గట్టిగా కొట్టు అనుకున్నాను. కొట్టింది. ఆ మోతకు యోర్దాను నది అవతల గొర్రెలు మేత మానేశాయి. రెండో దెబ్బకు నా పడగ ఎగిరిపోయింది. మూడో దెబ్బకు నా ఒంటి మీంచి ఎన్నాళ్లదో ధూపం మసి రాలింది.

అంతదాకా వద్దు వద్దని ఏడ్చినవాళ్లే ముక్కల మీద పడ్డారు. తాయెత్తులకట. గేరా నా తోకను చంకలో దాచాడు. మిల్కాకు అరచేతంత ముక్క దొరికింది. దాన్ని ఆమె తిర్సా చంటికొడుకు మెడలో కట్టబోయింది. తిర్సా ఆమె పిడికిలి విప్పదీసి, ఆ ముక్కను తిన్నగా కంసాలి దగ్గరికి పట్టుకుపోయింది. తిరిగొచ్చేటప్పటికి నేను గరిటెనయ్యాను.

మొదటిసారి నన్ను చిరుశనగల కుండలో ముంచుతుంటే మిల్కా చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

“కళ్లు తెరువు అత్తా. అది గరిటె. కంచం పట్టు,” అంది తిర్సా.

మిల్కా కళ్లు తెరిచింది, కంచం పట్టింది. తిర్సా వడ్డించింది. తర్వాత అలవాటుకొద్దీ ఇంకో గరిటె నింపి పక్కకు చాపింది. అక్కడ కంచం లేదు. కాసేపు నన్ను అలాగే గాలిలో పట్టుకుని, తిరిగి కుండలోకి దించింది.