పదో వంతు

చిత్తూరు–తిరుపతి రోడ్డు మీద తన బస్సు తానే తోలుకుని బతికినవాడు వెంకటముని. యుద్ధమొచ్చి పెట్రోలు కరువయ్యాక, విడివిడిగా ఉంటే పర్మిట్లు రావని భయపెట్టి, పెద్ద ఓనరు సుబ్రమణ్యం చిన్న ఓనర్లందరినీ ఒక కంపెనీలో కలిపాడు. బస్సు ఇచ్చి వాటా కాగితం పుచ్చుకున్నాడు వెంకటముని. కాగితానికి చక్రాలుండవని అప్పుడెవరికి తట్టింది?

తర్వాత సుబ్రమణ్యం కొత్త వాటాలు పుట్టించి అల్లుళ్ళకూ బావమరుదులకూ పంచుకున్నాడు. సర్కారు కంపెనీకిచ్చిన కొత్త టైర్లు ఒక అల్లుడి లారీలకు ఎక్కాయి. వెంకటముని బస్సు షెడ్డులో ఇటుకల మీద కూర్చుంది. ఇప్పుడు పాత బస్సులన్నీ ఆ అల్లుడికే అమ్మేయడానికి మీటింగు పెట్టారు.

ప్లీడరు ఒక దారి చెప్పాడు. వాటాల్లో పదో వంతు ఉన్నవాళ్ళు సంతకాలు పెడితే సర్కారు తనిఖీకి మనిషిని పంపుతుంది. తనిఖీ అంటే అమ్మకానికి ఎవడూ తెగించడు. వెంకటముని ఒక్కడి వాటా చాలదు. చిన్న ఓనర్లంతా కలిస్తే సరిపోతుంది.

పూతలపట్టులో నారాయణ ఇంటి పంచలో అందరూ చేరారు. వాళ్ళలో నారాయణే పెద్ద.

"సంతకానికేమబ్బా, పెడతాం. టైర్లు ఆయప్ప ఎత్తుకపోతా ఉంటే నువ్వు కండ్లారా సూసినావా?"

"లారీకి ఉండేది సూసినాను గదప్పా."

"టైరు మింద నీ పేరు రాసుండాదా?"

అందరూ నవ్వారు. వెంకటమునికి రోషం పొడుచుకొచ్చింది. "అట్లయితే కాణిపాకం రమ్మనండి. కోనేట్లో మునిగి, వినాయకుని ముందర ప్రమాణం సెయ్యమనండి. సేసినాడంటే నా సెవి కోసిస్తా."

కాణిపాకంలో అబద్ధమాడినవాడు బాగుపడడని ఆ సీమలో చంటిబిడ్డకు కూడా తెలుసు. సుబ్రమణ్యం ఆ గడప తొక్కడని వెంకటముని ధీమా. కోర్టు మెట్ల కన్నా ఆ మెట్లే గట్టివనుకున్నాడు, వెర్రివాడు.

సుబ్రమణ్యం వచ్చాడు. మునిగాడు. తడిపంచతో నిలబడి, కంపెనీ టైరు ఒక్కటీ బయటికి పోలేదని గొంతు వణక్కుండా చెప్పి, కర్పూరం ఆర్పాడు. వెళుతూ వెళుతూ అన్నాడు: "ఇంకా మునగమంటావా వెంకటమునీ? నీళ్ళు సల్లంగా బాగుండాయి."

ప్రమాణం అడిగినవాడు, అది జరిగాక నోరు మూసుకోవాలి. అక్కడి కట్టు అది. అయినా వెంకటముని అర్జీ పట్టుకుని మళ్ళీ నారాయణ దగ్గరికి పోయాడు.

"అబద్ధం సెప్పినాడప్పా."

"సెప్పింటే సామి సూసుకుంటాడు. ఇంక మనం యేలు పెడితే సామిని కాదన్నట్టు. పిల్లలు గలోణ్ణి, నన్నిడిసిపెట్టు. ప్రమాణం అడగమనింది నువ్వే గదా."

మిగతా ఇళ్ళలోనూ అదే మాట. ఆఖరింట్లో తలుపే తీయలేదు.

మీటింగులో, అమ్మకానికి ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నారు. అల్లుళ్ళ చేతులు ఠక్కున లేచాయి. నేల చూస్తూ నారాయణ మెల్లగా చెయ్యెత్తాడు.

"వద్దనేవాళ్ళు?"

వెంకటముని ఎత్తాడు. గుమాస్తా రాసుకున్నాక కూడా దించలేదు.

"దించప్పా, రాసుకున్న్యారు," అన్నాడు సుబ్రమణ్యం, జ్వరమొచ్చినవాడితో మాట్లాడినట్టు.

సాయంత్రం, పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు కిక్కిరిసి ఉంది. నారాయణ పక్కన కాస్త జాగా ఉంటే వెంకటముని కూర్చున్నాడు. నారాయణ తుండుగుడ్డ దులుపుకుని, లేచి, ముందుకు పోయి నిలబడ్డాడు. ఆ సీటు పూతలపట్టు దాకా ఖాళీగానే ఉండిపోయింది. నిలబడి ఊగుతున్నవాళ్ళలో ఒక్కరూ వచ్చి కూర్చోలేదు.