అక్షరాలు లేని మూతలు

ముందే ఒక మాట. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే దిద్దుకుని చదవండి. ఒక్కో వాక్యానికి ఒక్కో పూట పడుతుంది నాకు, కాబట్టి కథ మెల్లగానే నడుస్తుంది. నా సంగతే అయినా "ఆమె" అని రాస్తున్నాను. కాస్త దూరంగా నిలబెడితేనే ఆ మనిషి నాకు సరిగ్గా కనిపిస్తోంది.

ఆదివారం వంటిల్లు సర్దుకున్నాక ఆమె భర్త కీబోర్డు ముందేసుకుని కూర్చునేది. తీగ కొక్కెంతో మీటల మీది మూతలు ఒక్కొక్కటే పీకి, సబ్బు నీళ్ళలో రుద్ది, పీకిన వరసలోనే తువ్వాలు మీద ఆరబెట్టేది. అన్నీ ఒకేసారి గిన్నెలో పోస్తే పని తొందరగా తెమిలేదే, కానీ ఏది ఎక్కడిదో చెప్పే అక్షరం ఆమెకు రాదు. ఆ వరసే ఆమె చదువు. ఆయన ఆఫీసులో పెద్ద టైపిస్టు. అన్నం లేకపోయినా ఒక పూట ఉంటాడు గానీ ఆ టకటక లేకుండా ఉండలేడని అందరూ నవ్వేవాళ్ళు. కడిగే పని మాత్రం, "నేను చేస్తే తారుమారు చేస్తాను, నీకు ఓపిక ఎక్కువ" అని ఆమెకే వదిలేశాడు. ఆ ఇంట్లో ఓపిక ఎక్కువన్న బిరుదు ఎవరికి దక్కితే ఆ పని వాళ్ళ మెడకే చుట్టుకునేది. అత్తగారి మందులు, ఆడపడుచు పురుళ్ళు, ఇప్పుడు ఈ మూతలు.

కొత్తగా వచ్చిన కోడలు ఒక ఆదివారం పక్కన కూర్చుని, "అత్తయ్యా, మీ చేతిలో ఉన్నది 'మ'" అంది. అంతే. వారానికొకటి చొప్పున మూతల మీది అక్షరాలన్నీ వచ్చేశాయి. ఆయన ఆఫీసుకెళ్ళాక మధ్యాహ్నాలు ఆమె ఆ బల్ల ముందు కూర్చుని ఒక్కో మీటా వెతికి నొక్కేది. ఈ వయసులో ఏ ఆఫీసుకెళ్దామని, వదినా, అని ఆడపడుచు అడిగింది. ఆయన కోప్పడలేదు. నీకేం కావాలన్నా నేను చదివి పెడతాగా అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా చదివి పెడుతున్నది తనకు నచ్చినంత మేరకే అని ఆమెకు అప్పుడే తోచింది. ఒకసారి వెనక నిలబడి చూసి, కోడి గింజలు ఏరుకుంటున్నట్టుందని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వడం ఆమెకు పాత అలవాటు.

అలా రెండేళ్ళు దాటాయి, ఆ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. కానుక ఏమివ్వాలో ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది, ఆయనే పదిసార్లు చెప్పాడు. అక్షరాలు లేని మూతలు, బూడిద రంగువి, చెయ్యి తిరిగినవాళ్ళు వాడేవి అవేనట. "చూసి కొట్టేవాళ్ళకే అక్షరాలు. నా చేతులకి కళ్ళున్నాయి" అన్నాడు.

కోడలితో దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు రకరకాల మూతలు బల్ల మీద పరిచాడు. నున్నటివి, సన్నగా గరుకున్నవి. భర్త చూపుడువేలు చివర కాయ కాసి ఉంటుంది, నున్నటిది జారుతుంది. అందుకని గరుకుది ఎంచింది. అంతవరకు చెయ్యి తడబడలేదు. "అక్షరాలు వెయ్యాలా, వద్దా?" అని దుకాణదారు అడిగేసరికి చేతిలోని మూత తిరిగి బల్ల మీద పెట్టేసింది. ఆయన ఇక రోజంతా ఇంట్లోనే ఉంటాడు. ఇంట్లో వాడుకలో ఉన్నది ఆ ఒక్క బోర్డే. దాని మీద అక్షరాలు పోతే ఆయన చేతికి ఏ లోటూ రాదు. ఆమె మధ్యాహ్నాలకు తలుపు పడిపోతుంది.

అప్పుడే తువ్వాలు సంగతి గుర్తొచ్చింది. అంతకు ఏడాది ముందు ఆడపడుచు మంచి మనసుతోనే, ఎండలోకి మారుద్దామని తువ్వాలు నాలుగు కొసలూ పట్టి లేపింది. మూతలన్నీ కుప్పయ్యాయి. అక్షరాలైతే వచ్చు గానీ వాటి చోట్లు ఇంకా చేతికి రాలేదు, ఆమె అంచనాతో పెట్టింది. పదకొండు రోజులు 'న' నొక్కితే తెర మీద 'వ' పడింది. మట్టిబుర్ర అని తనని తానే తిట్టుకుంది. పన్నెండో రోజు మరో ఆలోచన వచ్చింది. తప్పు బుర్రదైతే రోజుకో రకంగా తప్పాలి కదా, రోజూ అదే 'వ' ఎందుకు? రెండు మూతలూ పీకి మార్చి పెట్టింది. సరిపోయింది. ఆ పదకొండు రోజులూ ఆయన ఆ బోర్డు మీదే పేజీలకు పేజీలు కొట్టాడు. ఏమీ గమనించలేదు. అంటే ఆ ఇంట్లో ఆ అక్షరాల వైపు చూస్తున్న మనిషి తనొక్కతే.

"వద్దు, ఖాళీవే ఇవ్వండి" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, అక్షరాలు అరిగి మూల పడున్న నీ పాత బోర్డు, దాని కంప్యూటరు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఆయన బోర్డు మీంచి తీసే అక్షరాల మూతలు దానికి పడతాయో లేదో దుకాణదారుని కనుక్కుంది కూడా. పడతాయన్నాడు.

కానుక విప్పి ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. గరుకు వేలికి తగలగానే, నా వేలి సంగతి ఎలా తెలిసిందే అన్నాడు. ఆమెకు నిజంగానే సంతోషం కలిగింది. అది దాచుకోవాల్సిన పనేం లేదు. తర్వాత కొత్తవి బిగిద్దామని చూస్తే బోర్డు మీద పాత మూతలు లేవు.

"డబ్బాలో పెట్టావా?"

"లేదు. నేను తీసుకున్నాను."

"అవి నీకెందుకే?"

"చూసి కొట్టేవాళ్ళకే కదా అక్షరాలు" అంది. వంటింటి కిటికీ పక్కన, పీట మీద, కోడలి పాత కంప్యూటరు ముందు ఆమె పాత బోర్డు ఆ మూతలతో సిద్ధంగా ఉంది.

ఆయన వెళ్ళి ఒక మూత వేలితో నొక్కి చూశాడు. 

ఆదివారం వచ్చింది. ఆయన కొత్త మూతల బోర్డు తెచ్చి, ఎప్పటిలాగే ఆమె ముందు పెట్టాడు, పక్కన తీగ కొక్కెం. ఆమె దాన్ని మెల్లగా ఆయన వైపు జరిపింది.

"వీటి మీద అక్షరాలు లేవు కదండీ. ఏది ఎక్కడ పెట్టినా తారుమారు కాదు. మీరే కడుక్కోవచ్చు."

సబ్బు నీళ్ళ గిన్నె మాత్రం తెచ్చిపెట్టింది. వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని, 'న' వెతికి నొక్కింది.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. చివరిదాకా తన మూతలు తనే కడుక్కున్నారు. వీధిలో నన్ను టైపు అత్తయ్య అంటారు, అదే నా పేరు. అరవై ఆరేళ్ళు. కోడలింటి పై గదిలో, నా బల్ల దగ్గర ఉంటున్నాను.