పెంచలకృష్ణ గారి అంగీకారం

రెండు మిల్లీమీటర్ల తీగను నమ్మి బాగుపడినవాడు లోకచరిత్రలో లేడు. రాజ్యాలు కూలినప్పుడు కారణాలు వెదికిన పండితులు రాణులను, కరవులను, గుర్రాల జబ్బులను లెక్కలోకి తీసుకున్నారే తప్ప, ఇంత పొట్టి వస్తువు మీదికి వారి దృష్టి పోలేదు. ఆ లోటు తీర్చే భారం తోటపల్లి గూడూరులో, రొయ్యల గుంటలకు ఎదురుగా ఉన్న ఒక మేడగదిలో, యాభై ఆరేళ్ల పెంచలకృష్ణ మీద పడింది.

ఆ ఉదయం ఆయన బనీను మీద తువ్వాలు కప్పుకుని, లాప్‌టాప్ తెరిచి, తెరను కాక పైనున్న బల్బును పరిశీలిస్తున్నాడు. అది ఒకసారి మినుకుమంది. గుంటల్లో నీటికి గాలి కొట్టే ఏరేటర్లు తిరగడం మొదలైందని దానికి అర్థం. గుంటల యజమాని కరెంటు దొంగిలిస్తున్నాడని రెండో అర్థం. ఈ రెండోదానికి ఏళ్ల తరబడి సాక్ష్యం దొరకలేదు; దొరకకపోవడమే ఆయన దృష్టిలో బలమైన సాక్ష్యం. సన్నని మనిషి. మెడ ముందుకు సాగి ఉంటుంది, పక్కగదిలో మాటలు వింటున్నవాడిలా. కుడి చూపుడువేలు మౌసు వంపుకు అలవాటుపడి, అన్నం కలిపేటప్పుడు కూడా వంగే ఉంటుంది.

ఆయన చెన్నైలోని ఒక కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాడు. చిప్పు అంచున బఫర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. లోపలి సంకేతాన్ని బయటికి నెట్టడం దాని వృత్తి. చిప్పును మోసే నల్లని పెట్టె ప్యాకేజీ. అందులోని వెంట్రుకల్లాంటి రెండు మిల్లీమీటర్ల తీగల గుండా సంకేతం, చిప్పులను బిగించే బోర్డు మీదికి దిగుతుంది. బఫర్ తయారుచేసినవారు తమ సర్క్యూట్‌ను ఎవరికీ చూపరు. అది ఎంత వోల్టేజికి ఎంత కరెంటు ఇస్తుందో చెప్పే నమూనాను మాత్రం పంపుతారు. ప్యాకేజీవారు తమ తీగల స్వభావాన్ని మరొక నమూనాగా పంపుతారు. రెండింటినీ కలిపి, కంప్యూటరులో సంకేతాన్ని నడిపించి, అది ఆవలికి క్షేమంగా చేరిందో లేదో తేల్చడం పెంచలకృష్ణ పని. పూర్వం రాజుల కొలువులో సంధివిగ్రహి అనే మంత్రి ఉండేవాడు. పొరుగువారితో పొత్తో పోరో నిర్ణయించేవాడు. ఆ పదవి రద్దు కాలేదని, జీతమే తగ్గిందని పెంచలకృష్ణ భావన. ఆయన ‘సరే’ అనకుండా బోర్డు తయారీకి పోకూడదని నియమం.

ఆనాటి సంకేతం ఎక్కవలసిన ఎత్తుకు ఎక్కి నిలవక, తీర్మానం కుదరని సభలా పైకీ కిందికీ ఊగింది. ప్యాకేజీ షారన్‌ది. బిట్రగుంట అమ్మాయి, చెన్నై ఆఫీసులో ఉంటుంది, సొంతంగా చేసిన మొదటి పని ఇది. ఇది నెగ్గితే ఆమె ఉద్యోగం ఖాయం, లేకపోతే ఈ నెలతో సరి. ఆయన ఫోన్ చేశాడు.

“తీగ ఎంత పొడుగు పెట్టినావమ్మా?”

“మీకు పంపినంతే సార్. మూడుసార్లు కొలిచినా.”

“మూడుసార్లు ఎందుకు? మొదటిసారి కుదర్లేదా?”

“ఒక్కసారి కొలిచినోళ్లను నమ్మొద్దని మీరే చెప్పినారు సార్.”

ఈ వినయంలో ఆయనకు తీగ పొడుగే వినిపించింది. ‘ప్యాకేజీ దోషభూయిష్ఠము, నిరాకరించడమైనది’ అని కంపెనీకి మెయిల్ పంపాడు.

భార్య చెంచులక్ష్మి మజ్జిగ తెచ్చి గ్లాసు పెట్టింది. “ఆ పిల్లనేమన్నా అన్నావా?”

“నేనేమన్లా. లెక్క అనింది.”

“లెక్క చేసింది నువ్వేగా.”

ఈ మాట వెనుక ఆయనకు మామగారి ప్రోద్బలం కనిపించింది. మామగారు పోయి చాలా కాలమైంది.

భోజనం తరువాత, నేరాన్ని నిస్సందేహంగా రుజువు చేసే సంకల్పంతో, షారన్ ప్యాకేజీని పూర్తిగా తొలగించి బఫర్‌ను నేరుగా బోర్డుకు కలిపాడు. అడ్డు పోయింది గనుక సంకేతం కర్రలా లేచి నిలవాలి. నిలవలేదు. కొంచెం ఊగింది, సరిగ్గా ఒక ప్యాకేజీ ఊపినంత. తీగలు లేని బఫర్ ఇలా ఊగదు. పెంచలకృష్ణ ముఖం చాలా నెలల తరువాత వికసించింది. మళ్లీ ఫోన్ తీశాడు.

“దొరికినారు. బఫర్ వాళ్లు వాళ్ల నమూనాలోనే ప్యాకేజీని దాచిపెట్టినారు. దానిమీద నీది కూడా తగిలించేసరికి తీగలు రెండింతలైనాయి. చూసినావా కుట్ర?”

“దాచలా సార్,” అంది షారన్ మెల్లగా. “పోయిన నెల మీరే వాళ్లను అడిగినారు. నా లెక్క మీద మీకు నమ్మకం లేదని, చిప్పును ప్యాకేజీతో సహా కొలిచి పంపమని.”

“నేనా?”

“మీరే సార్. ఆ మెయిల్లో నన్ను గూడా పెట్టినారు.”

ఆయన ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. జీవితమంతా ఊరిని, పొరుగువారిని, పాలవాణ్ణి, ప్రభుత్వాన్ని గాలించిన ఆ మహా అన్వేషణలో, వెతకని చోటు ఒకటి మిగిలిపోయిందని అప్పుడు తెలిసింది. మెయిల్ రాశాడు: ‘షారన్ తీగలలో దోషం లేదు. వాటిని రెండుసార్లు లెక్కించినది నేను. నా అంగీకారం ఇందుమూలంగా తెలియజేయడమైనది.’ రెండో వాక్యాన్ని చెరిపాడు. ఎందుకు చెరిపాడో తనమీదే అనుమానం కలిగి, మళ్లీ రాశాడు. పంపాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది.

దీపాలవేళ చెంచులక్ష్మి వచ్చి పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కదిపింది. ఎందుకు కదుపుతున్నావని ఆయన అడగలేదు.

మూడో రోజున షారన్ వచ్చింది. చెంచులక్ష్మి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“పొయ్యేముందు నీ గురించే రాస్తా ఉండాడమ్మా. నీ ఉద్యోగం నిలబడిందా?”

“నిలబడింది అమ్మా. సార్ మెయిల్ చూసే ఖాయం చేసినారు.”

చెంచులక్ష్మి ఆ ముఖంలోకి ఒక్క క్షణం ఎక్కువగా చూసింది. తరువాత మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

బోర్డు ఆయన పోయిన రోజు మధ్యాహ్నమే, ఆయన ఇంకా భోజనానికి కూర్చోకముందే, తయారీకి వెళ్లిపోయింది. రెండేళ్లుగా ఈ కలిపే పనిని చెన్నైలో ఒక ప్రోగ్రాం చేస్తోంది. దానికి ఎవరి మీదా అనుమానం లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆయన నిరాకరణలు, అంగీకారాలు ఎవరూ తెరవని ఒక మెయిల్ పెట్టెలో చేరుతున్నాయి. షారన్‌కు కూడా ఇది ఆయన పోయిన సాయంత్రమే తెలిసింది.

కంపెనీ లాప్‌టాప్‌ను తెమ్మంది గనుక ఆమె దానిని సంచిలో పెట్టుకుని వెళ్లింది. ఛార్జరును ఎవరూ అడగలేదు. అది గోడకే ఉండిపోయింది. దాని తీగ కొస నేలమీద దేనికీ తగలకుండా పడి ఉంది, పచ్చదీపం వెలుగుతోంది.