మిగిలిన సామాన్ల డబ్బా

ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ఆ మహానుభావుడి చెవిన పడిందంటే దీన్ని కూడా తానే బాగుచేస్తానంటాడు.

మా వీధిలో ఒకాయన్ని అందరూ ఇంజనీరని పిలిచేవారు. వాళ్ళు వెక్కిరింపుగా పిలిచారు, ఆయన బిరుదుగా పుచ్చుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఏ వస్తువు విప్పి బిగించినా చివరికి గుప్పెడు సామాను మిగిలేది. ఇంకొకరైతే సిగ్గుపడతారు. ఈయన వాటిని బిస్కెట్ల డబ్బాలో దాచి, ఇంటికొచ్చినవాళ్ళ ముందు గలగలలాడించేవాడు.

"కంపెనీవాళ్ళు పెట్టిన దండగ ఇదంతా! ఇవేవీ లేకుండానే మా గడియారం నడవట్లేదూ?"

నడిచేది, నిజమే. మధ్యాహ్నానికే సాయంత్రం చూపిస్తూ నడిచేది.

ఆయన చెల్లెలు అదే ఇంట్లో ఉండేది. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి ఇంజెక్షన్లు ఇచ్చే పనిలో కొత్తగా చేరింది. సైకిలుంటేనే ఆ పని. ఒక ఆదివారం అన్నగారు పంక్చరు వేస్తానని వెనక చక్రం ఊడదీశాడు. మర్నాటి నుంచి చైను ఫ్రేముకు కరకరమని రాసుకోవడం మొదలుపెట్టింది. రంగు లేచిపోయి ఇనుము మీద గాడి పడింది. తొక్కలేక ఆమె సగం దారి నడిపించుకుంటూ వెళ్ళేది.

ఆసుపత్రిలో పెద్ద నర్సు మొహం మీదే చెప్పేసింది. "నీ మొదటి ఇంట్లో ముసలాయన సూది కోసం గుమ్మం వైపే చూస్తూ పడుకుంటున్నాడమ్మా. రేపు కూడా ఆలస్యమైతే ఆ ఇళ్ళన్నీ ఇంకొకరికిచ్చేస్తాను."

సాయంత్రం ఇంటికొస్తూనే ఆమె అన్నగారిని అడిగింది.

"అన్నయ్యా, చైను ఫ్రేముకి తగులుతోంది. నువ్వు చక్రం బిగించినప్పటి నుంచే."

"నా బిగింపుకే వంక పెడతావుటే! తగలకూడదు, అంతేగా?"

పాత చొక్కా చింపి, ఫ్రేము పైపుకు చుట్టి, ముడి వేసి, రెండడుగులు వెనక్కి జరిగి మురిసిపోయాడు.

"ఇనుముకి కట్టు కట్టడం మా ఆసుపత్రిలో కూడా చూడలేదు," అంది చెల్లెలు. అయినా ఎక్కి తొక్కి చూసింది. వీధి మలుపు తిరక్కుండానే చైను గుడ్డను నమిలి బిగుసుకుపోయింది. ఆమె కిందపడి మోకాలు చీరుకుపోయింది.

కుంటుకుంటూ వచ్చిన చెల్లెల్ని చూసి ఇంజనీరు తల పంకించాడు. "లోపం తొక్కడంలో ఉంది. కుడికాలు మరీ నొక్కేస్తున్నావు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది లోపలి నుంచి వదిన. "ఏవండీ, కుట్టుమిషను చెడగొట్టినప్పుడు కూడా నా కాలిదే తప్పన్నారుగా!"

చెల్లెలు మోకాలు తుడుచుకుంది. సైకిల్ని వసారాలో తలకిందులుగా నిలబెట్టింది. వెనక చక్రం ఇరుసును మొదట ఎడమవైపు చూసింది. ఫ్రేముకూ చక్రానికీ నడుమ మందపాటి వాషరుంది. కుడివైపు చూసింది. ఏమీ లేదు. ఒక చెవికే కమ్మ పెట్టుకున్నట్టుంది వాలకం. చక్రం కుడికి జరిగిపోయి, దాన్ని పట్టుకున్న చైను కూడా ఫ్రేము మీదికి పోయింది.

ఆమె తిన్నగా లోపలికి వెళ్ళి, డబ్బా తెచ్చి నేల మీద బోర్లించింది.

"అయ్యయ్యో, అవి నేను ఏరి ఏరి తీసినవే!" అని అన్నగారు లబలబలాడాడు.

గడియారం మరలు, కుళాయి బిళ్ళలు, కుట్టుమిషను స్ప్రింగు. వాటి మధ్య ఆ వాషరు, ఎడమదాని కవలపిల్లలా.

"ఇదీ దండగేనా?"

"రెండున్నప్పుడు ఒకటి దండగే కదే!"

"నీకు కళ్ళు కూడా రెండున్నాయి అన్నయ్యా. ఏం లాభం?"

ఆమె నట్టు వదులు చేసి, వాషరును ఫ్రేముకు లోపలివైపు దూర్చి, చక్రాన్ని మధ్యకు సర్ది బిగించింది. చేత్తో పెడలు తిప్పింది. చైనుకూ ఫ్రేముకూ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు. చప్పుడు లేదు.

మర్నాడు ముసలాయన గుమ్మం వైపు తల తిప్పేసరికే ఆమె చేతులు కడుక్కుంటోంది. ఆ ఇళ్ళు ఆమెకే ఉండిపోయాయి.

ఇంజనీరు మాత్రం గుమ్మంలో నిలబడి పొరుగాయనతో అంటున్నాడు: "విన్నారా, చప్పుడే లేదు! ఆ గుడ్డ చుట్టి దారి చూపించింది నేనే." నిదర్శనంగా డబ్బా ఊపాడు. అది మునుపటిలా గలగలలాడలేదు. కుట్టుమిషను స్ప్రింగును వదిన అప్పుడే తీసేసుకుంది.

ఇది మరిచిపోకండి తల్లీ. పని ముగించి, మిగిలినవి చూపించి మీసం దువ్వేవాడు మీకూ తగులుతాడు. అప్పుడు వాడి పక్కనే కూర్చుని, ఈ కథ పూర్తిగా చెప్పండి.